పెద్దయ్యాక సున్తీ: రిస్కు ఎంత, కోలుకోవడం ఎంత, లాభం ఎవరికి?

పెద్ద వయసులో సున్తీ గురించి ఆలోచించేవాళ్లకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "చిన్న ఆపరేషనే, అరగంటలో అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు" అనేది ఒకటి. "ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు, బాగా ఆలోచించుకో" అనేది రెండోది. రెండూ నిజాలే. అయినా వీటితో నిర్ణయం తేలదు. మొదటిది ఆపరేషన్ గదిలో జరిగేదాని గురించి, రెండోది జీవితాంతం ఉండిపోయేదాని గురించి. ఈ రెండింటి మధ్య వచ్చే ఆరు వారాల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

సున్తీ మంచిచెడ్డలు తూచేటప్పుడు వేర్వేరు విషయాలు 'రిస్కు' అనే ఒక్క మాటలో కలిసిపోతుంటాయి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటి కాంప్లికేషన్లు కొద్దిమందికే వస్తాయి. కోలుకునేటప్పుడు ఉండే నొప్పి, వాపు, ఆంక్షలు మాత్రం చేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఉంటాయి. శరీరంలో వచ్చే శాశ్వత మార్పు కూడా అందరికీ ఉంటుంది. డాక్టరు "రెండు మూడు శాతమే రిస్కు" అన్నప్పుడు ఆయన చెబుతున్నది మొదటిదాని గురించి మాత్రమే. మిగతా రెండూ నూటికి నూరు శాతం. అవసరం కొద్దీ చేయించుకునేవాళ్లకు ఈ తేడా పెద్ద లెక్కలోకి రాదు, ఉన్న బాధ పోతే చాలనుకుంటారు. ఏ బాధా లేకుండా, కావాలని చేయించుకునేవాళ్లకు మాత్రం నిర్ణయమంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: నిజంగా ఇబ్బంది ఉందా?

కొందరికి సున్తీ ఐచ్ఛికం కాదు, చికిత్స. అంగం ముందు చర్మం వెనక్కి రాకుండా బిగుసుకుపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. కొందరిలో అంగం బిగిసినప్పుడు మాత్రమే ఇబ్బంది ఉంటుంది. కొందరిలో మూత్రం పోస్తుంటే చర్మం బుడగలా ఉబ్బేంత బిగుతు ఉంటుంది. వెనక్కి వెళ్లిన చర్మం మళ్లీ ముందుకు రాకుండా పట్టేసి, కొస వాచిపోతే అది పారాఫైమోసిస్. దానికి గంటల్లోనే వైద్యం అందాలి. చర్మం కింద పదేపదే ఇన్ఫెక్షన్ రావడం మరో కారణం.

వీటన్నిటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది లైకెన్ స్క్లెరోసస్. డాక్టర్లు దీన్నే బీఎక్స్‌ఓ అని కూడా అంటారు. ముందు చర్మం మీద, కొన్నిసార్లు అంగం కొస మీద కూడా తెల్లటి మచ్చలు వచ్చి, చర్మం గట్టిపడి, కాగితంలా పలచబడి చిట్లుతుంటుంది. వదిలేస్తే మూత్రద్వారం, మూత్రనాళం సన్నబడవచ్చు. అంగ క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. బలమైన స్టెరాయిడ్ క్రీముతో తగ్గకపోతే దీనికి సున్తీయే సరైన మార్గం. ఇలాంటి మచ్చలున్నవాళ్లు చేయించుకోవాలా వద్దా అని నెలల తరబడి తర్జనభర్జన పడటం మంచిది కాదు.

పెద్దయ్యాక కొత్తగా ముందు చర్మం బిగుసుకుపోతుంటే, దాని అంచులు చిట్లుతుంటే, దురద, ఎరుపు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆపరేషన్ కంటే ముందు చేయించుకోవాల్సింది షుగర్ టెస్ట్. అప్పటిదాకా బయటపడని మధుమేహం కొందరిలో ఇలాగే తొలిసారి కనిపిస్తుంది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవారికి మూత్రంలో చక్కెర ఎక్కువగా పోతుంది. దాంతో అక్కడ ఫంగస్ చేరడం తేలికవుతుంది. సొంతంగా మందు ఆపకూడదు గానీ, ఇచ్చిన డాక్టరుతో ఈ విషయం చెప్పాలి. మూలకారణం సరిచేయకుండా చర్మం తీసేస్తే అదుపులో లేని షుగర్ అలాగే ఉంటుంది, దానికి తోడు మానని గాయం ఒకటి చేరుతుంది.

మచ్చలు లేని మామూలు ఫైమోసిస్‌కు కోత లేని దారి ఒకటి ఉంది. బీటామెథజోన్ లాంటి స్టెరాయిడ్ క్రీమును బిగుతుగా ఉన్న చర్మపు వలయం మీద రాస్తూ, రోజూ నెమ్మదిగా, నొప్పి పుట్టనంత వరకే వెనక్కి లాగుతూ నాలుగు నుంచి ఎనిమిది వారాలు చూస్తారు. పిల్లల్లో ఇది చాలా బాగా పనిచేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పెద్దవాళ్లలో అంత కచ్చితంగా పనిచేయకపోయినా ప్రయత్నించి చూడటంలో పోయేదేమీ లేదు. ఇబ్బందంతా అడుగున ఉండే సన్నటి చర్మపు బంధం పొట్టిగా ఉండటం వల్లే అయితే (దాన్ని ఫ్రెన్యులం అంటారు, సెక్స్ సమయంలో చిరిగి రక్తం వచ్చేది ఎక్కువగా అక్కడే), దాన్ని మాత్రమే పొడిగించే చిన్న ఆపరేషన్ సరిపోతుంది. ముందు చర్మాన్ని ఉంచేసి, బిగుతు ఉన్న చోట మాత్రమే వదులు చేసే పద్ధతి కూడా ఉంది. ఈ దారుల గురించి ఒక్క మాటా చెప్పకుండా నేరుగా సున్తీకి తేదీ ఇచ్చేస్తే, మరో యూరాలజిస్టుకు చూపించుకోవడం మేలు.

మత విశ్వాసం కోసం చేయించుకునేవారి లెక్క వేరు. అది చేయాలా వద్దా అన్నది వైద్యం తేల్చేది కాదు. ఎవరు చేస్తున్నారు, ఎంత శుభ్రంగా చేస్తున్నారు, తర్వాత ఎవరు చూసుకుంటారు అన్నంత వరకే వైద్యం మాట్లాడగలదు.

లాభాల లెక్క: శాతాలను ఎలా చదవాలి

ఏ ఇబ్బందీ లేనివాళ్లను సున్తీ వైపు లాగేవాటిలో అన్నిటికంటే బలమైన ఆధారం ఉన్నది హెచ్ఐవీ నివారణకే. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్, కెన్యాలోని కిసుము, ఉగాండాలోని రకాయిలో మూడు పెద్ద ట్రయల్స్ జరిగాయి. మొదటిదాని ఫలితాలు 2005లో, మిగతా రెండింటివీ 2007లో వెలువడ్డాయి. లాభం స్పష్టంగా కనిపించడంతో మూడింటినీ అనుకున్న గడువుకంటే ముందే ఆపేశారు. స్త్రీ నుంచి పురుషుడికి హెచ్ఐవీ సోకే అవకాశం సున్తీతో సుమారు 50 నుంచి 60 శాతం తగ్గుతుందని తేలింది. అదే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూఎన్ఎయిడ్స్ కలిసి, హెచ్ఐవీ విస్తృతంగా ఉండి సున్తీ తక్కువగా ఉన్న ప్రాంతాల్లో దీన్ని నివారణ కార్యక్రమాల్లో చేర్చాలని సిఫారసు చేశాయి. ముందు చర్మం లోపలి పొర పలచగా ఉండటం, వైరస్ పట్టుకునే రోగనిరోధక కణాలు అక్కడ పైపైనే ఉండటం దీనికి కారణమని పరిశోధకులు చెబుతారు.

60 శాతం అనగానే చాలా పెద్దదిగా అనిపిస్తుంది. దాని వెనకున్న అసలు అంకెలు చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆరెంజ్ ఫార్మ్ ట్రయల్‌లో 3,274 మంది యువకులు పాల్గొన్నారు. దాదాపు సగం మందికి సున్తీ చేసి, మిగతావారికి చేయకుండా సగటున ఏడాదిన్నర చూశారు. సున్తీ చేసినవారిలో 20 మందికి, చేయనివారిలో 49 మందికి హెచ్ఐవీ సోకింది. అంటే సుమారుగా వెయ్యి మందిలో 30 మందికి సోకే చోట 12 మందికి సోకింది. వెయ్యికి 18 మంది తప్పించుకోవడం, అదీ ఏడాదిన్నరలోనే, చాలా పెద్ద విషయం. అంతమంది బతుకుల తీరును మార్చిన ఆపరేషన్ అది. ఇప్పుడు హెచ్ఐవీ చాలా తక్కువగా ఉన్న సమాజాన్ని ఊహించుకుందాం. అక్కడ అదే కాలంలో పది వేల మందిలో పదిమందికే సోకుతుందనుకుంటే, అదే 60 శాతం తగ్గింపుతో తప్పేవి ఆరు కేసులు. దానికోసం పది వేల మందికి ఆపరేషన్ చేయాలి. వాళ్లలో రెండు మూడు వందల మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వస్తుంది. శాతం ఒకటే అయినా, ఎవరికి ఎంత ముప్పు ఉందన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

ఈ రక్షణకు హద్దులూ ఉన్నాయి. ట్రయల్స్‌లో తేలింది స్త్రీ నుంచి పురుషుడికి వచ్చే విషయంలోనే. హెచ్ఐవీ ఇప్పటికే ఉన్న పురుషుడికి సున్తీ చేస్తే అతని భాగస్వామికి రక్షణ దొరుకుతుందేమో చూడటానికి రకాయిలోనే మరో ట్రయల్ చేశారు. అలాంటి రక్షణేమీ కనిపించలేదు. పైగా గాయం మానకముందే శృంగారం మొదలుపెట్టిన జంటల్లో స్త్రీలకు సోకిన కేసులు ఎక్కువగా కనిపించాయి. హెర్పిస్, హెచ్‌పీవీ (పులిపిర్లకు, కొన్ని క్యాన్సర్లకు కారణమయ్యే వైరస్) లాంటివి సున్తీతో కొంతమేర తగ్గుతాయి. గనేరియా, క్లమిడియా, సిఫిలిస్‌ల విషయంలో ట్రయల్స్‌లో చెప్పుకోదగ్గ రక్షణ కనిపించలేదు. కాబట్టి సున్తీ అయినంత మాత్రాన కండోమ్ అక్కర్లేదు అనుకుంటే అది ప్రమాదకరమైన పొరపాటు. హెచ్‌పీవీకి టీకా ఉంది, దాని రక్షణ సున్తీ కంటే చాలా గట్టిది.

అంగ క్యాన్సర్ తగ్గుతుందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. అది అరుదైన క్యాన్సర్. చిన్నతనంలో సున్తీ అయినవారిలో ఇంకా అరుదు. ఆ రక్షణలో ఎక్కువ భాగం ఫైమోసిస్ లేకపోవడం వల్ల వచ్చేదే. పెద్దయ్యాక, ఏ ఇబ్బందీ లేకుండా చేయించుకున్నవారికి అంతే రక్షణ ఉంటుందని చూపే ఆధారం లేదు. శుభ్రత కోసమే అయితే, చర్మం వెనక్కి వచ్చేవాళ్లు స్నానంలో వెనక్కి లాగి నీళ్లతో కడుక్కుంటే చాలు.

శీఘ్రస్ఖలనానికి సున్తీ పరిష్కారమని నమ్మి వచ్చేవాళ్లు చాలామంది. ఈ ఆశ మీదే ఆపరేషన్ అమ్మే ప్రకటనలూ ఉంటాయి. దీన్ని చికిత్సగా నిలబెట్టే గట్టి ఆధారం లేదు. మందులు, పూతలు, సెక్స్ థెరపీ లాంటి మార్గాలు ఉండగా తిరిగి రాని కోతను ఎంచుకోవడం అన్యాయం. ఆ సమస్యతో ఇప్పటికే మనసు నలిగి ఉన్న మనిషికి ఆపరేషన్ తర్వాత కూడా అదే పరిస్థితి ఉంటే కలిగే నిరాశ మామూలుగా ఉండదు.

స్పర్శ, సుఖం: అందరూ అడిగే ప్రశ్న

సున్తీ తర్వాత సుఖం తగ్గుతుందా? ఈ ప్రశ్నకు రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్లున్నారు. కిసుము, రకాయి ట్రయల్స్‌లో వేల మందిని రెండేళ్ల దాకా అడిగి చూశారు. అంగస్తంభనలో, కోరికలో, తృప్తిలో సున్తీ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కిసుములో చాలామంది స్పర్శ పెరిగిందనే అన్నారు. ఇంకోవైపు, ముందు చర్మంలో సన్నని స్పర్శను పట్టే నరాల కొసలు చాలా ఉంటాయన్నదీ నిజం. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, తేలికపాటి స్పర్శకు స్పందించే భాగాల్లో ముందు చర్మమే ముందుంది. సున్తీలో పోయేది ఆ భాగమే.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గానీ, కావు. ఆ స్పర్శ పోతుంది. కానీ చాలామంది పురుషులకు మొత్తం మీద తృప్తి తగ్గదు, ఎందుకంటే సుఖం ఒక్క చర్మంలోనే లేదు. నొప్పితో బాధపడినవాళ్లకు అది పెరుగుతుంది కూడా. ముందు చర్మం కదలికతోనే సుఖం పొందడానికి అలవాటుపడినవారికి మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. హస్తప్రయోగం చేసే తీరు మార్చుకోవాల్సి వస్తుంది, కొందరికి తైలం లాంటి లూబ్రికెంట్ అవసరమవుతుంది. సర్వేల సగటులో ఏ తేడా లేదని తేలినా, ఆ సగటుకు ఎటువైపు తాను పడతానో ఏ మనిషీ ముందుగా చెప్పలేడు. ఏ ఇబ్బందీ లేని వ్యక్తి ఇప్పుడున్న తృప్తిని పణంగా పెడుతున్నాడన్న సంగతి మరచిపోకూడదు.

చర్మం సులువుగా వెనక్కి వచ్చేవాళ్లు కొన్ని రోజులు దాన్ని వెనక్కే ఉంచి, బట్టకు తగులుతుంటే ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాతి అనుభవానికి అది పూర్తి నమూనా కాదు గానీ, మొదటి వారాల్లో వచ్చే జలదరింపు ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. చర్మం బిగుతుగా ఉన్నవాళ్లు మాత్రం ఈ పని అస్సలు చేయకూడదు, పారాఫైమోసిస్ రావచ్చు.

ఆపరేషన్, దాని రిస్కు

సాధారణంగా అంగం మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు. భయం బాగా ఉన్నవారికి, క్లిష్టమైన కేసులకు పూర్తి మత్తు ఇస్తారు. చర్మాన్ని కోసి, రక్తనాళాలను మూసి, కరిగిపోయే కుట్లు వేస్తారు. అరగంట నుంచి గంట పడుతుంది. స్టేప్లర్ పరికరంతో అయితే ఇంకా త్వరగా అవుతుంది, రక్తం పోవడమూ తక్కువే. కానీ కొన్ని పిన్నులు రాలిపోకుండా చర్మంలో ఉండిపోతే తర్వాత తీయించుకోవాలి. 'లేజర్ సున్తీ' అనే పేరుకు అవసరానికి మించిన ఆకర్షణ ఉంది. లేజర్ కోసే సాధనం మాత్రమే. ఏ సాధనంతో కోసినా గాయం మానే పని శరీరానిదే, దానికి పట్టే వారాలు పెద్దగా మారవు.

కాంప్లికేషన్ల రేటు పై మూడు ట్రయల్స్‌లో 1.5 నుంచి 4 శాతం లోపు ఉంది. కిసుములో 1.5 శాతం, రకాయిలో 3.6 శాతం, ఆరెంజ్ ఫార్మ్‌లో 3.8 శాతం. ఎక్కువ భాగం రక్తస్రావం, ఇన్ఫెక్షన్, గాయం విచ్చుకోవడం లాంటివే, చికిత్సతో తగ్గిపోయాయి. ఈ అంకెలు ధైర్యాన్నిచ్చేవే. అయితే వాటిని ఇచ్చింది ఎవరన్నది చూడాలి. వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన యువకులు. చేసినవాళ్లు ఇదే పనిలో శిక్షణ పొందిన బృందాలు. తర్వాత పిలిచి మరీ పరీక్షించారు. యాభై ఐదేళ్ల వయసు, షుగర్, గట్టిపడ్డ చర్మం, రక్తం పలచబడే మాత్రలు ఉన్న మనిషి ఆ అంకెలను తనకు అన్వయించుకుంటే లెక్క తప్పుతుంది.

ప్రాణం మీదకు వచ్చే ప్రమాదాలు చాలా అరుదు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చర్మం కొలత. మరీ ఎక్కువ తీస్తే అంగం బిగిసినప్పుడు చర్మం చాలక లాగుతుంది, వృషణాల తిత్తి చర్మం పైకి వస్తుంది. తక్కువ తీస్తే వాపు తగ్గాక చర్మం మళ్లీ కొసను కప్పుతుంది, కొందరిలో కోత గీత దగ్గరే మళ్లీ బిగుసుకుంటుంది. ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ అయితే మెలితిరిగినట్టు కనిపిస్తుంది. పొత్తికడుపు కింద కొవ్వు బాగా ఉండి అంగం లోపలికి కూరుకుపోయినట్టు ఉండేవారిలో సున్తీ పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. మూత్రద్వారం పుట్టుకతోనే కొసన కాకుండా అడుగున ఉన్నవారికి (హైపోస్పేడియాస్) అది సరిచేయడానికి ముందు చర్మమే అవసరపడవచ్చు, అందుకే ముందే నిపుణుడిని కలవకుండా దాన్ని తీయించుకోకూడదు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందుగానే చెప్పాలి. సొంతంగా ఆపడం, దాచిపెట్టడం రెండూ ప్రమాదమే. ధనుర్వాతం టీకా గడువు దాటిందేమో చూసుకోవాలి. ఆఫ్రికాలో సున్తీ కార్యక్రమాల తర్వాత ధనుర్వాతం కేసులు బయటపడటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయాన్ని ప్రత్యేకంగా హెచ్చరించింది. ముఖ్యంగా చర్మాన్ని బిగించి ఎండిపోయేలా చేసే ఒక రకం పరికరంతో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది.

ఆరు వారాలు

మొదటి రోజు మత్తు దిగాక మంట, లాగుడు తెలుస్తాయి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలతో చాలామందికి సరిపోతుంది. వాపు రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది. అంగం నీలంగా కమిలినట్టు, ఉబ్బి, మునుపటి ఆకారమే లేకుండా కనిపిస్తుంది. ఇది చూసి చాలామంది హడలిపోతారు. మొదటి వారంలో కనిపించే రూపాన్ని బట్టి ఫలితాన్ని అంచనా వేయకూడదు. కొసకూ కుట్ల గీతకూ మధ్య, ముఖ్యంగా అడుగువైపు, ఉబ్బుగా వలయంలా ఉండే వాపు అన్నిటికంటే ఆలస్యంగా తగ్గుతుంది. కోతతో అక్కడి నీరు వెళ్లే దారులు తెగిపోవడమే దానికి కారణం, అవి మళ్లీ ఏర్పడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. వాపు కిందికి జారకుండా కాస్త బిగుతైన లోదుస్తులు వేసుకుని, అంగాన్ని పొట్టవైపు పైకి ఉంచుకోవాలి.

డ్రెస్సింగ్‌ను డాక్టరు చెప్పినట్టు ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. అతుక్కుని ఉంటే పీకకూడదు, గోరువెచ్చని నీళ్లతో తడిపి నెమ్మదిగా తీయాలి. తర్వాత పైనుంచి నీళ్లు పోసుకుని స్నానం చేయొచ్చు గానీ, తొట్టిలో నానడం, ఈతకొట్టడం గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు. కొస భాగం మీద పసుపు రంగులో పలచటి పొర కనిపిస్తే చీము అనుకుని చాలామంది గోకేస్తారు. వాసన లేకుండా, ఎరుపు పాకకుండా ఉంటే అది మానుతున్న గాయం మీద ఏర్పడే ఫైబ్రిన్ పొర. దాన్ని అలాగే వదిలేయాలి. ఇన్నాళ్లూ చర్మం చాటున ఉన్న కొస భాగానికి బట్ట తగిలితే మొదట్లో భరించలేనంత జలదరింపు ఉంటుంది. పెట్రోలియం జెల్లీ పూస్తే రాపిడి తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో చాలామంది అలవాటుపడతారు.

అన్నిటికంటే ఎక్కువగా పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టేది రాత్రి. ఆరోగ్యంగా ఉన్న పురుషుడికి కలలు వచ్చే నిద్ర దశలో రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు అంగం దానంతటదే బిగుస్తుంది. మామూలు రోజుల్లో అది తెలియను కూడా తెలియదు. కుట్లు ఉన్నప్పుడు నొప్పితో మెలకువ వచ్చేస్తుంది. మొదటి వారంలో నిద్ర సరిగా ఉండదు, అది పగటి పనిని, మూడ్‌ని కూడా దెబ్బతీస్తుంది. పడుకునే ముందు మూత్రానికి వెళ్లడం, నిద్రకు ముందు నీళ్లు తగ్గించడం, పక్కకు తిరిగి పడుకోవడం, బిగిసినప్పుడు లేచి నాలుగడుగులు వేయడం పనికొస్తాయి. చల్లటి కాపడం పెట్టుకుంటే గుడ్డ చుట్టి కొద్దిసేపే ఉంచాలి, ఐసును నేరుగా చర్మానికి ఆనించకూడదు. సరిగా వేసిన కుట్లు మామూలు స్తంభనకు తెగిపోవడం అరుదే. ఆ టెన్షన్ తగ్గితేనే కొంతమందికి సగం నిద్ర వస్తుంది.

కూర్చుని చేసే పనికి కొన్ని రోజుల నుంచి వారంలోపు తిరిగి వెళ్లొచ్చు. బరువులెత్తే పని, పరుగు, సైకిల్, జిమ్ దాదాపు నాలుగు వారాలు పక్కన పెట్టాలి. కుట్లు రెండు మూడు వారాల్లో కరిగి రాలిపోతాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కుట్లు రాలాయి, నొప్పి లేదు, పైకి గాయం మూసుకుంది, ఇంకెందుకు ఆగాలి అనిపిస్తుంది. కానీ మూడు వారాలకు మానిన గాయానికి మామూలు చర్మపు బలంలో ఐదో వంతు మాత్రమే వస్తుంది. పై పొర అతుక్కున్నా లోపలి కణజాలం ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది. శృంగారానికైనా హస్తప్రయోగానికైనా కనీసం ఆరు వారాలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం ఇదే. అప్పటికీ కుట్ల గీత దగ్గర తెరిచిన చోటు, పొక్కు ఏదైనా ఉంటే ఇంకా ఆగాలి. ఈ గడువు భాగస్వామికి ముందే తెలిసి ఉండాలి. ఐదో వారంలో మొదటిసారి చెప్పుకోవడం ఇద్దరికీ కష్టం.

గట్టిగా తగిలే మచ్చ, రంగు తేడా, గీత దగ్గర తిమ్మిరి లాంటివి నెలల మీద సర్దుకుంటాయి. తుది రూపం తెలియడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పడుతుంది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టినా రక్తం ఆగకపోవడం, లోపల రక్తం గూడుకట్టి గట్టి గడ్డలా వేగంగా పెరగడం, మూత్రం రాకపోవడం, కొస భాగం నల్లబడటం, జ్వరం, చీము, ఎరుపు పైకి పాకడం, గాయం విచ్చుకోవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి వెళ్లాలి. సిగ్గుతో ఆగి, తెల్లారి చూద్దాంలే అనుకున్నవాళ్లలోనే చిన్న సమస్యలు పెద్దవవుతాయి.

సర్జన్ ముందు కూర్చున్నప్పుడు

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితంలో రిస్కుల జాబితా ఉంటుంది. ఆ వ్యక్తికి ఎంత చర్మం ఉంచుతారు, ఫ్రెన్యులం ఉంచుతారా తీస్తారా, మచ్చ ఎక్కడ వస్తుంది అన్నవి అందులో ఉండవు. ఫలితంతో తృప్తి ఉంటుందా లేదా అన్నది ఎక్కువగా వీటి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, వీటిని అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేస్తారా, మళ్లీ సరిచేయాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయా, రాత్రిపూట రక్తం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట చేయించుకోకపోవడమే మంచిది.

కారణం తన రూపం మీద అసంతృప్తే అయితే, అది ఎప్పుడు మొదలైంది, ఎవరి మాట వల్ల మొదలైంది అని ఒకసారి చూసుకోవాలి. భాగస్వామి ఒత్తిడి మీద, ఎక్కడో చూసిన వీడియోలోని శరీరంతో పోల్చుకుని చేయించుకున్నవాళ్లకు ఫలితం వైద్యపరంగా బాగున్నా మనసుకు సరిపోకపోవచ్చు. శరీరంలో ఏదో ఒక లోపం గురించి రోజంతా బాధపడే స్థితి ఉంటే కత్తి కంటే ముందు మానసిక నిపుణుడి సాయం అవసరం. ఒకసారి తీసేశాక సాగదీసే పద్ధతులతో చర్మాన్ని కొంత పెంచుకోవచ్చు గానీ, పోయిన నరాల కొసలు వాటితో తిరిగి రావు. ఇబ్బంది లేనివాళ్లు ఆరు నెలలు, ఏడాది వాయిదా వేసినా ఏమీ పోదు. తొందర పెట్టే ఆఫర్లను నమ్మాల్సిన పని లేదు.

వ్యాధి కోసం చేయించుకున్నవాళ్ల విషయంలో ఇంకో సంగతి చాలాసార్లు మరుగున పడుతుంది. లైకెన్ స్క్లెరోసస్ అనుమానం ఉన్నా, మానని పుండు, గడ్డ ఉన్నా, తీసిన చర్మాన్ని పారేయకుండా ల్యాబ్‌కు పరీక్షకు పంపమని అడగాలి. రిపోర్టులో ఆ జబ్బు ఉందని తేలితే గాయం మానడంతో వైద్యం అయిపోదు. కొస మీద, మూత్రద్వారం దగ్గర అది మళ్లీ రావచ్చు. మూత్రం ధార సన్నబడినా, చీలిపోయినట్టు పడినా మళ్లీ చూపించుకోవాలి.